డాలస్ ఫెయిర్ పార్క్ మడుగు: నడవదగిన శిల్పం

డాలస్ నగరంలోని ఫెయిర్ పార్కుకు వెళ్లేవారు ప్రదర్శనశాలలు చూసి వెనుదిరగకుండా, అమెరికన్ కళాకారిణి ప్యాట్రీషియా జొహాన్సన్ 1981–86 మధ్య రూపుదిద్దిన మడుగు దగ్గర తీరికగా గడపాలని నా అభిప్రాయం. పచ్చికకు వేసిన ఎరువు వాననీటితో కొట్టుకువచ్చి, నాచు దట్టంగా పేరుకుని, గట్లు కోసుకుపోతూ ఉన్న ఆ నీటిని ఆమె స్థానిక మొక్కలతో, చేపలతో మళ్లీ బతికించారు. ఒకచోట నీటిమొక్క వేళ్లను, మరోచోట ఫెర్న్ ఆకులను పోలిన ఎర్రమట్టి రంగు కాంక్రీటు మెలికలు అలల తాకిడి నుంచి ఒడ్డును కాపాడుతూనే మనకు కాలిబాటలుగా, వంతెనలుగా, కూర్చునే అరుగులుగా ఉపయోగపడతాయి. వాటి మధ్య నిలిచే నీరు చేపలకు, తాబేళ్లకు, పక్షులకు నెలవైంది. నగరం నడిబొడ్డున ఒక శిల్పం ఇంత సూటిగా ప్రాణులకు పనికిరావడం నాకు అన్నిటికన్నా నచ్చింది. బాటలు నీటిని ఆనుకునే సాగుతాయి కనుక చిన్నపిల్లలను చేయి పట్టుకుని నడిపించాలి.