ఫ్రీనా, టాపా? సర్వర్ మెమరీ చూడ్డానికి ఏది కొట్టాలి

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులోనో, కావలి దగ్గర రొయ్యల మేత డీలర్ దగ్గరో బిల్లింగ్ సర్వర్ చూసుకునే కుర్రాళ్లకు తరచూ వచ్చే సందేహం ఇది. లినక్స్ డబ్బా నత్తనడక నడుస్తోంది. మెమరీ సంగతి తేల్చడానికి ‘ఫ్రీ’ (free) కమాండ్ కొట్టాలా, ‘టాప్’ (top) కమాండ్ కొట్టాలా?

శ్రమ: ఫ్రీ ఒక్కసారి లెక్క చెప్పి తప్పుకుంటుంది. పక్కన హైఫన్ ఎం పెడితే మెబీబైట్లలో (దాదాపు ఎంబీల్లో) చూపిస్తుంది. టాప్ తెర మీదే కూర్చుని, మామూలుగా 3 సెకన్లకోసారి మారుతుంది. షిఫ్ట్ పట్టుకుని ఎం నొక్కితే ఎక్కువ మింగుతున్న ప్రోగ్రాం పైకొస్తుంది. బయటికి రావాలంటే క్యూ.

ఖర్చు: రెండూ ఉచితమే. టాప్ కాస్త సీపీయూ తింటుంది, పట్టించుకోనక్కర్లేదు.

పొరబడే ప్రమాదం: అసలు గొడవంతా ఇక్కడే. ఫ్రీ కమాండ్ చూపే లెక్కలో ‘ఫ్రీ’ అన్న గడిలో 200 కనబడగానే ర్యామ్ కొనడానికి నెల్లూరు బస్సెక్కకండి. వాడకంలో లేని మెమరీని లినక్స్ డిస్కు కాషేకి (డిస్కులోవి చేతికందేలా దాచుకోవడానికి) వాడుకుంటుంది, అడిగితే చాలావరకు వదిలేస్తుంది. చూడాల్సింది ‘అవైలబుల్’ గడి, ప్రోగ్రాంలకు నిజంగా దొరికే మెమరీ అంచనా అది. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఈ అంచనా ఇవ్వడం 2014లో, 3.14 వెర్షన్‌తో మొదలైంది. టాప్‌లో ‘విర్ట్’ (ప్రోగ్రాం తనకని రాయించుకున్న మొత్తం మెమరీ) చూసి బెదరొద్దు, ‘రెస్’ (ర్యామ్‌లో నిజంగా ఉన్నది) చూడండి. అన్ని ప్రోగ్రాంల రెస్‌లూ కూడితే మాత్రం లెక్క తప్పుతుంది. ఉమ్మడిగా వాడే పేజీలు (మెమరీ ముక్కలు) ఒక్కోదాని ఖాతాలోనూ పడతాయి మరి.

ఏది ఎప్పుడు: మెమరీ సరిపోతోందా లేదా తేల్చుకోవడానికి, స్క్రిప్టులో పెట్టడానికి ఫ్రీ. తింటున్నదెవరో పట్టుకోవాలంటే టాప్. సర్వర్ ఫ్రీబీఎస్డీ (లినక్స్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టం) అయితే ఎంచుకునే పనే లేదు. అందులో ఫ్రీ మామూలుగా ఉండదు, టాపే గతి.