పలచని మెత్తకే నా ఓటు: మూడేళ్లు వాడిన సైక్లింగ్ షార్ట్స్

సైక్లింగ్ షార్ట్స్ కొనడానికి వెళ్లినవారు ముందుగా చేసే పని లోపలి మెత్తను బొటనవేలితో నొక్కి చూడడం. వేలు ఎంత లోతుకు దిగితే కూర్చున్నప్పుడు అంత హాయిగా ఉంటుందని మనసుకు తోస్తుంది. మూడేళ్ల క్రితం నేనూ అలాగే నొక్కి చూసి, అక్కడున్న వాటన్నిటిలో మందమైన జెల్ మెత్త ఉన్నదాన్ని ఏరి తెచ్చుకున్నాను. ఆ ఎంపిక ఎంత పొరపాటో కళింగపట్నం నుంచి తిరిగి వస్తున్న ఒక ఆదివారం తెలిసింది. ఆ తరువాత మరికొన్ని కొని, ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను బిగించి, కదలకుండా ఉన్నచోటే తొక్కేందుకు వాడే పరికరం) మీదా బయట రోడ్డు మీదా వాడి చూశాను. మెత్త మందాన్ని చూసి ఎవరూ డబ్బు పెట్టవద్దని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

నేను శ్రీకాకుళంలో ఉపాధ్యాయినిని. వయసు 46, బరువు 62 కిలోలు. వారంలో మూడు రోజులు తెల్లవారుజామున ఇంట్లో ట్రైనర్‌కు బిగించిన సైకిల్ మీద 45 నిమిషాలు తొక్కుతాను. ఆదివారం వాన లేకపోతే శ్రీకూర్మం వరకో, పొందూరు వరకో, ఓపిక ఉంటే కళింగపట్నం వరకో వెళ్లివస్తాను. ఈ వివరాలు ముందే చెప్పడానికి కారణం ఉంది. ఒకరికి సుఖంగా ఉన్న షార్ట్స్ ఇంకొకరికి ఎందుకు కుదరవో చాలావరకు వీటిలోనే తెలుస్తుంది.

మొదట్లో నేను చేసిన తప్పు మెత్తకు సంబంధించినది కూడా కాదు. ఒంటికి తగిలే బట్ట నూలుదే అయి ఉండాలన్నది మా ఇంట్లో తరతరాల నమ్మకం. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి సన్నని నూలు తీసే పొందూరు మాకు అంత దగ్గర కనుక, మా నాన్నగారు ఖద్దరు తప్ప వేరే చొక్కా తొడిగి ఎరుగరు. ఆ నమ్మకంతోనే నేను షార్ట్స్ లోపల నూలు లోదుస్తులు వేసుకుని రెండు నెలలు తొక్కాను. చొక్కాకు నూలుకు మించినది లేదు. కానీ నూలు చెమటను పీల్చుకుని తనలోనే నిలుపుకుంటుంది. సీటుకూ చర్మానికీ మధ్య ఆ తడి నిలిచిన చోట, లోదుస్తుల అంచు కుట్టు కూడా తోడై గజ్జల దగ్గర ఒరుసుకుపోయి మంట పుడుతుంది. ఈ షార్ట్స్‌ను నేరుగా ఒంటి మీదే వేసుకోవాలని, లోపల మరేదీ ఉండకూడదని అప్పుడు నాకు చెప్పినవారు లేరు. ఆ ఒక్క మార్పుతో సగం బాధ పోయింది. ఆ సగం బాధ పోవడం జెల్ మెత్త గొప్పతనమని అనుకుని, మా చెల్లెలికి కూడా అదే కొనమని చెప్పాను.

నిజానికి ఆ మార్పు తరువాత నాలుగు నెలలు ఆ షార్ట్స్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. సీటు మీద కూర్చోగానే దిండు మీద కూర్చున్నట్టు ఉండేది. అయితే ఆ నాలుగు నెలల్లో నేను గంటకు మించి ఒక్కసారి కూడా తొక్కలేదన్న సంగతి తరువాత గాని గుర్తుకు రాలేదు.

2023 జనవరిలో ఒక ఆదివారం ఉదయం 5 గంటలకు బయలుదేరి కళింగపట్నం వెళ్లాను. రానుపోను 50 కిలోమీటర్ల పైచిలుకు. వెళ్లేటప్పుడు కాస్త తిమ్మిరి తప్ప ఇబ్బంది కలగలేదు. దీపస్తంభం దగ్గర కాసేపు ఆగి, వంశధార సముద్రంలో కలిసే వైపు నడిచి, ఇడ్లీ తిని తిరుగుముఖం పట్టాను. శాలిహుండం వైపు వెళ్లే దారి దాటాక ఎడమ తొడ మొదట్లో తాడు ముక్క ఏదో ఒత్తుతున్నట్టు అనిపించింది. బట్ట ముడతపడిందనుకుని దిగి సర్దుకున్నాను. రెండు కిలోమీటర్లు పోయేసరికి మళ్లీ అదే. ఈసారి ఎంత సర్దినా ఆ ముడత పోలేదు, ఎందుకంటే అది బట్టలో లేదు, మెత్త లోపల ఉంది. జెల్ పొర అతుకు ఊడి ఒక పక్కకు జారి, దాని మీదే అది మడతపడి, వేలంత లావున గట్టు కట్టింది. నేను పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ గట్టు ఒకే చోట చర్మాన్ని రాస్తోంది.

ఇంకా 15 కిలోమీటర్లు ఉంది. ఇంటికి ఫోన్ చేస్తే మా వారు, "అక్కడే ఉండు, బండి తీసుకుని వస్తాను" అన్నారు. "స్కూటర్ మీద సైకిల్ ఎక్కడ పెడతారండీ, నేనే మెల్లగా వచ్చేస్తాను" అన్నాను. కొంతసేపు పెడళ్ల మీద నిలబడి, కొంతసేపు కుడివైపుకు ఒరిగి కూర్చుని, కొంత దూరం సైకిల్‌ను నడిపించుకుంటూ ఇల్లు చేరేసరికి పది దాటింది. స్నానానికి నీళ్లు పోసుకున్నప్పుడు కలిగిన మంట నాకు ఇప్పటికీ గుర్తుంది. రూపాయి బిళ్లంత మేర చర్మం లేచిపోయింది. తొమ్మిది రోజులు సైకిల్ ముట్టుకోలేదు, స్టాఫ్ రూములో కుర్చీలో నిటారుగా కూర్చోలేకపోయాను.

గాయం మానాక ఆ షార్ట్స్‌లోని మెత్తను బ్లేడుతో కోసి చూశాను. పైన పలచని బట్ట, దాని కింద మెత్తని ఫోమ్, మధ్యలో జెల్ పొర, అడుగున మరొక ఫోమ్ పొర. అంచు చుట్టూ కుట్టు ఉంది గాని, జెల్‌ను పట్టి ఉంచింది మాత్రం జిగురు ఒక్కటే. ఆ జిగురు పొడిబారి పెళుసెక్కిపోయింది. ఇందులో తయారీదారు తప్పు ఎంతో, నా తప్పు కూడా అంత ఉంది. నేను వాటిని వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్లతో ఉతికి, డాబా మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేసేదాన్ని. వేడి జిగురునూ పాడుచేస్తుంది, సాగే బట్టలోని ఎలాస్టిక్ దారాన్నీ పాడుచేస్తుంది.

అయితే ఆ అతుకు ఊడకపోయినా ఆ మెత్త నాకు దూర ప్రయాణానికి పనికిరాదని తరువాత అర్థమైంది. సీటు మీద మన బరువు మోయవలసినవి పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. మెత్త మరీ మృదువైనదైతే ఆ ఎముకలు దానిలో పూర్తిగా దిగబడి సీటు గట్టిదనాన్ని తాకుతాయి. పక్కకు నెట్టుకుపోయిన ఫోమ్ మధ్యలో ఉబ్బి, బరువు పడకూడని సున్నితమైన చోట ఒత్తుతుంది. కళింగపట్నం వెళ్లేటప్పుడు కలిగిన తిమ్మిరి దానివల్లే. మొదటి అరగంటలో హాయినిచ్చిన ఆ మెత్తదనమే రెండో గంటలో శత్రువైంది.

రెండోసారి కొన్నప్పుడు మందం చూడలేదు, ఫోమ్ సాంద్రత ఎంతని అడిగాను. మంచి తయారీదారులు ఆ అంకెను ఘనపు మీటరుకు 80 కిలోలనో 120 కిలోలనో రాస్తారు. నేను 120 ఉన్నదాన్ని తీసుకున్నాను. భుజాల మీదుగా పట్టీలు ఉండే బిబ్ రకం, ధర మొదటిదానికి మూడింతలు. వేలితో నొక్కితే దాదాపు దిగదు. తొడుక్కుని అద్దం ముందు నిలబడినప్పుడు ఇంత డబ్బు పోసి అట్టముక్క కొన్నానా అని దిగులు పడ్డాను. సీటు మీద మొదటి పది నిమిషాలు ఆ దిగులు అలాగే ఉంది. ఆ తరువాత సీటు సంగతే మరచిపోయాను. మళ్లీ కళింగపట్నం వెళ్లి, తిరిగి వచ్చి, సైకిల్ గోడకు ఆనించాక గాని ఈసారి నొప్పి లేదన్న విషయం స్ఫురించలేదు. మూడేళ్లలో నాకు కలిగిన పెద్ద సంతోషం అదే.

ఆ సంతోషానికి సాంద్రత ఒక్కటే కారణం కాదు. ఆ మెత్త నా ఎముకల వెడల్పుకు సరిపోయింది. ఆడవారికి ఆ ఎముకల మధ్య దూరం సాధారణంగా ఎక్కువ కనుక మెత్త వెనకవైపు వెడల్పుగా, ముందువైపు పొట్టిగా ఉండాలి. మగవారి షార్ట్స్‌లో చిన్న సైజు వేసుకుంటే సరిపోదు. గట్టి కుర్చీ మీద గరుకు అట్టముక్క వేసి, మోకాళ్లు కాస్త పైకెత్తి కూర్చుని లేస్తే రెండు సొట్టలు పడతాయి. వాటి నడిమి దూరం కొలుచుకుని, మెత్తలో దట్టమైన భాగాలు ఆ రెండు చోట్ల పడుతున్నాయో లేదో చూసుకోవచ్చు. మెత్త అంచు ఒక్కసారిగా తెగినట్టు కాక క్రమంగా పలచబడాలి, తొడ లోపలివైపు కుట్టు తగలకూడదు. మా ఊళ్లో ఆడవాళ్లు ఆ బిగుతు దుస్తులతో రోడ్డెక్కడం ఇంకా కొత్తే కనుక నేను పైన మోకాళ్ల వరకు వచ్చే వదులు నిక్కరు వేసుకుంటాను. దాని మధ్య కుట్టు సీటు మీద పడినా ఇదే గొడవ.

ఇక ఇంట్లో తొక్కడం. రోడ్డు కన్నా ఇల్లు సుఖమని అనుకునేవారు చాలామంది ఉంటారు, నేనూ అనుకున్నాను. రోడ్డు మీద గతుకు వస్తే లేస్తాం, పల్లం వస్తే పెడల్ ఆపుతాం, సైకిల్ అటూ ఇటూ ఊగుతుంది, గాలి తగులుతుంది. ట్రైనర్ మీద ఇవేవీ లేవు. బిగించిన సైకిల్ మీద ఒకే చోట, ఒకే కోణంలో, ఆపకుండా ఒత్తిడి పడుతుంది. సముద్రపు తేమ నిండిన మా మే నెలలో అయితే పావుగంటకే మెత్త తడిసి ముద్దవుతుంది. అందుకని ఇంటికి వేరేగా చిల్లుల ఫోమ్‌తో, ఇంకా పలచగా ఉన్న ఒక మామూలు షార్ట్స్ కొన్నాను. దానితోపాటు ఎదురుగా ఒక ఫ్యాను పెట్టి, ప్రతి పది నిమిషాలకు అర నిమిషం పెడళ్ల మీద లేచి నిలబడుతున్నాను. ఈ రెండూ చేయకపోతే ఏ షార్ట్స్ అయినా ట్రైనర్ మీద ఓడిపోతుంది.

ఉతకడంలో కూడా పలచని మెత్తే గెలిచింది. చన్నీళ్లలో కొంచెం సబ్బుతో చేత్తో ఉతికి, తిరగేసి, నీడలో ఆరేస్తాను. బట్టలను మెత్తబరిచే ద్రవాలు వాడను, అవి దారాల మీద పూతలా పట్టి చెమటను లాగే గుణాన్ని పోగొడతాయి. వానాకాలంలో ఆ జెల్ మెత్త రెండు రోజులైనా ఆరేది కాదు. పలచనివి రాత్రి ఫ్యాను కింద వేస్తే తెల్లారేసరికి ఆరిపోతున్నాయి. తడి ఆరని మెత్తతో తొక్కితే చెమట పొక్కులూ సెగ్గడ్డలూ లేస్తాయి కనుక ఇది చిన్న విషయం కాదు.

బిబ్ పట్టీల గురించి కూడా చెప్పాలి. మెత్త జారకుండా నిలబెట్టేవి అవే, పొట్ట మీద రబ్బరు పట్టు ఉండదు. అయితే దారిలో బాత్‌రూముకు వెళ్లవలసి వస్తే ఆడవాళ్లం పైన వేసుకున్న చొక్కా కూడా విప్పవలసి వస్తుంది. పొందూరు దారిలో అందుకు అనువైన చోటు దొరకక, తరువాతి వారం నుంచి నేను నీళ్లు తాగడమే తగ్గించాను. ఒకరోజు ఇంటికి వచ్చాక తల తిరిగి పడుకోవలసి వచ్చినప్పుడు గాని ఆ పని ఎంత ప్రమాదమో తెలియలేదు. అందుకే అదే మెత్తతో, నడుము పట్టీ వెడల్పుగా ఉన్న రకాన్ని ఈ మధ్య కొన్నాను. ఇది గంటన్నర తరువాత కాస్త కిందికి జారుతుంది, పైకి లాక్కోవాలి. అయినా రెండు గంటలు దాటే ప్రయాణాలకు ఇదే వేసుకుంటున్నాను, బిబ్‌ను అంతకన్నా తక్కువ దూరాలకు ఉంచాను.

నేను హ్యాండిల్ మీదకు కొంచెం వంగి, సన్నని సీటు మీద తొక్కుతాను. స్ప్రింగులున్న వెడల్పాటి సీటు మీద నిటారుగా కూర్చుని తొక్కేవారికి ఇంత సాంద్రత అవసరం ఉండకపోవచ్చు. మా చెల్లెలు ఆ జెల్ షార్ట్స్‌తోనే రోజూ 20 నిమిషాలు తొక్కుతోంది, మార్చమని చెప్పినా మార్చలేదు. ఎండలో ఆరేయదు కనుక దానిది ఇంకా చెక్కుచెదరలేదు. నా బిబ్‌కు మెత్త బాగానే ఉంది గాని తొడ దగ్గర ఎలాస్టిక్ వదులైంది, వెలుతురుకు ఎత్తి చూస్తే వెనకవైపు బట్ట పలచబడినట్టు కనిపిస్తోంది. వచ్చే వానాకాలం లోపల దాని స్థానంలో అలాంటిదే ఇంకొకటి, అదే 120 సాంద్రతతో, తీసుకోవాలనుకుంటున్నాను.