ఎన్‌ఐఆర్‌ఎఫ్ వెబ్‌సైటు: ర్యాంకు కంటే దాని వెనుకనున్న పట్టికే మేలు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడే కొద్దీ ఇంజినీరింగ్ కళాశాలల ప్రకటనలు అత్యధిక ప్యాకేజీ, సగటు ప్యాకేజీ అనే రెండు అంకెల చుట్టూనే తిరుగుతాయి. ఒక్క విద్యార్థికి వచ్చిన భారీ జీతం సగటును ఎంత పైకి లాగుతుందో తరగతి గదిలో బోధించే సంస్థలే ఇలా ప్రచారం చేసుకోవడం నిజంగా బాధాకరం. ఈ అంకెలను సరిచూసుకోవడానికి తల్లిదండ్రులకు ఖర్చు లేకుండా అందుబాటులో ఉన్న సాధనం ఎన్‌ఐఆర్‌ఎఫ్ (నేషనల్ ఇన్‌స్టిట్యూషనల్ ర్యాంకింగ్ ఫ్రేమ్‌వర్క్) వెబ్‌సైటు. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన ఈ వ్యవస్థ 2016 నుంచి కళాశాలలకు, విశ్వవిద్యాలయాలకు ర్యాంకులు ప్రకటిస్తోంది.

నా దృష్టిలో ఇందులో అత్యంత విలువైనది ర్యాంకు కాదు, ర్యాంకు పొందిన సంస్థ పేరు పక్కన దొరికే పీడీఎఫ్. ఎంతమంది చేరారు, నిర్ణీత కాలంలో ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అన్న వివరాలు అందులో మూడేళ్లకు వరుసగా ఉంటాయి. జీతాన్ని సగటుగా కాక మధ్యగతంగా, అంటే వరుసలో సరిగ్గా నడుమనున్న విద్యార్థి జీతంగా చూపడం మెచ్చుకోదగినది. అయితే ఆ వరుసలో నిలిచేది ఉద్యోగం వచ్చినవారు మాత్రమే. ఒక కళాశాలలో 600 మంది చేరి, 240 మందికి ఉద్యోగాలు వచ్చి, మధ్యగత జీతం 5 లక్షలని చూపారనుకుందాం. ఐదు లక్షలు, ఆపైన అందుకుంటున్నవారు సుమారు 120 మందే, అంటే చేరిన ప్రతి ఐదుగురిలో ఒక్కరు. ప్రకటనలో కనిపించేది ఐదు లక్షలే కాబట్టి, ఈ లెక్కను తల్లిదండ్రులే కూర్చుని వేసుకోవాలి.

ర్యాంకు విషయంలో నాకు తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. ఇంజినీరింగ్ విభాగంలో బోధన, వనరులకు ఎంత ప్రాధాన్యముందో పరిశోధనకూ అంతే, అంటే 30 శాతం ఉంది. పరిశోధన పత్రాల సంఖ్య మార్కులు తెచ్చిపెడుతున్నప్పుడు, పరిశోధనపై ఆసక్తిగానీ అందుకు తగిన సమయంగానీ లేని అధ్యాపకులపై కూడా పత్రాలు అచ్చువేయించమనే ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడికి ముందుగా నష్టపోయేది పాఠం వినే విద్యార్థి. అచ్చయ్యాక లోపాలు బయటపడి ఉపసంహరించుకున్న పత్రాలకు మార్కులు తగ్గించే నిబంధనను 2025లో తెచ్చారు. ఆలస్యంగానైనా అది అవసరమైన మార్పు. మరో 10 శాతం సంస్థకున్న పేరుప్రతిష్ఠలపై ఇతరుల అభిప్రాయానికి పోతుంది.

అన్నిటికంటే పెద్ద లోపం, సమాచారంలో అధిక భాగాన్ని కళాశాలలే సమర్పించడం. తమిళనాడులో అన్నా విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలల్లో ఒకే అధ్యాపకుడి పేరు ఒకటికి మించిన కళాశాలల జాబితాల్లో ఉన్నట్లు 2024లో బయటపడింది. అక్కడ ఆ జాబితాలు చేరింది విశ్వవిద్యాలయానికే అయినా, సంస్థ స్వయంగా ఇచ్చే లెక్కను క్షేత్రస్థాయిలో ఎందుకు తనిఖీ చేయాలో ఆ ఉదంతం స్పష్టంగా చూపుతోంది.

ఇన్ని లోపాలున్నా, కళాశాల ప్రచారపత్రంతో పోలిస్తే ఈ పీడీఎఫ్‌నే నేను నమ్ముతాను. ఆప్షన్లు పెట్టుకునే ముందు, ఎంచుకున్న కళాశాలల మూడేళ్ల అంకెలను ఒక కాగితంపై పక్కపక్కన రాసుకుని, ఉద్యోగాలు వచ్చినవారి సంఖ్యను చేరినవారి సంఖ్యతో భాగించి చూడండి.