బ్రాడీపేట రెండు రోజుల ఏఐ శిక్షణ: మొదటి పూట సోది, ఆ తర్వాతే సరుకు

గుంటూరు బ్రాడీపేటలో ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ ఆఫీసు సిబ్బందికి ఏఐ టూల్స్ వాడకం నేర్పుతోంది. రెండు రోజులు, ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఐదు దాకా, బ్యాచికి 15 మంది. ఫీజు మనిషికి 3,500 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 4,130. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడిటర్ల ఆఫీసుల వాళ్లు, మిర్చి కమీషన్ కొట్ల గుమాస్తాలు, కోల్డ్ స్టోరేజీల్లో లెక్కలు రాసేవాళ్లు.

మొదటి పూట దండగే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి చరిత్రంతా స్లైడ్లలో చెబుతారు. చేతికిచ్చే వంద ప్రాంప్టుల (ఏఐకి రాసి ఇచ్చే ఆదేశాల) పుస్తకం ఇంకా నయం, చదవకుండా పక్కన పెట్టేయొచ్చు. ‘మీరు పదేళ్ల అనుభవమున్న మార్కెటింగ్ నిపుణులు’ అని మొదలయ్యే వాక్యాలు మిర్చి యార్డు గుమాస్తాకు ఏ మూలకొస్తాయి?

భోజనాల తర్వాత అసలు పని మొదలైంది. చేత్తో రాసిన బిల్లు కార్బన్ కాపీని ఫోటో తీసి, 15 మందికీ అదే ఫోటో ఇచ్చి మొత్తం ఎంతో ఏఐని అడగమన్నారు. వచ్చిన జవాబులన్నీ బోర్డు మీద రాస్తే మూడు రకాల మొత్తాలు తేలాయి. మసకబారిన 7ని కొన్నిచోట్ల 1గా చదివింది. ఎక్కడా అనుమానం ఉన్నట్టు చెప్పలేదు. దీనికి నేర్పిన విరుగుడు బాగుంది: మొత్తం అడగొద్దు, ముందు వరసల వారీగా బరువు, రేటు, సొమ్ము పట్టికగా రాయమనాలి, చదవలేని అంకె దగ్గర ప్రశ్నార్థకం పెట్టమనాలి. ఆ పట్టికను ఎక్సెల్‌లో వేసి, బరువును రేటుతో గుణిస్తే సొమ్ముకు సరిపోని వరస దానంతటదే బయటపడుతుంది. కూడిక ఎక్సెల్ చేత చేయించాలి.

రెండో రోజు ఉదయం మూడు గంటలు కొనుగోలు రిజిస్టరును, అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్లో నెలనెలా 14న వచ్చే జీఎస్‌టీఆర్-2బీతో సరిపోల్చడం. ఫీజు గిట్టుబాటయ్యేది ఇక్కడే. రెండు షీట్లూ ఏఐకి పడేసి తేడాలు చెప్పమంటే ఒకసారి ఇచ్చిన జాబితా ఇంకోసారి ఇవ్వదు. అందుకని సరిపోల్చే ఫార్ములా మాత్రమే దాన్ని అడిగి, ఫార్ములాను మన షీటులో నడపమన్నారు. ముందుగా బిల్లు నంబర్ల కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. లేకపోతే ఎక్సెల్ 0045ను 45 చేస్తుంది, 12/5 అనే బిల్లును తారీఖు అనుకుంటుంది. తర్వాత జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు కలిపి ఒక కొత్త కాలమ్ తయారుచేసి, రెండు షీట్లలోనూ దాని మీద వెతకాలి. రూపాయి లోపు తేడాలను వదిలేయాలి, అవి రౌండింగ్ తేడాలే.

చెప్పకుండా వదిలేసింది ఒకటుంది. ఒక షీటులోది ఇంకో షీటులో వెతకడానికి ఏఐ అలవాటుగా ఎక్స్‌లుకప్ ఇస్తుంది. మన ఆఫీసుల్లో ఇంకా 2016 ఎక్సెల్ ఉన్న సిస్టమ్‌లు బోలెడు, వాటిలో ఆ ఫంక్షన్ లేదు, నేమ్ ఎర్రర్ వస్తుంది. ‘ఎక్సెల్ 2016లో పనిచేయాలి, ఇండెక్స్-మ్యాచ్ వాడు’ అని ముందే రాస్తే తీరిపోయే పనికి ముగ్గురు ముప్పావుగంట కూర్చున్నారు.

గోప్యత పాఠంలో పెద్ద పొరపాటే ఉంది. పార్టీల పేర్లు, పాన్ కాలమ్ తీసేసి షీటు అప్‌లోడ్ చేయొచ్చన్నారు. కానీ మన రాష్ట్రంలో 37తో మొదలయ్యే 15 అక్షరాల జీఎస్టీ నంబరులో 3 నుంచి 12 దాకా ఉన్నది పాన్ నంబరే. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్లదైతే అది ఆ మనిషి పాన్. జీఎస్టీ నంబర్లు కూడా తీసేసి పార్టీ-001, పార్టీ-002 అని పెట్టుకోవాలి, ఏది ఎవరిదో రాసుకున్న జాబితా ఆఫీసు దాటకూడదు. సెట్టింగ్స్‌లో మన చాట్లను మోడల్ శిక్షణకు వాడుకోనివ్వని ఆప్షన్ చూపించారు, అది మంచిదే. సొంత జీమెయిల్‌తో లాగిన్ అవమనడం మాత్రం తప్పు. గుమాస్తా మానేస్తే ఆ చాట్లన్నీ అతనితోనే పోతాయి.

తెలుగు ఉత్తరాల గంట సరదాగా గడిచింది. మిర్చి గురించి ‘తేజ రకం 40 టిక్కీలు, తాలు వేరు చేశాం’ అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చమంటే తాలును వడ్ల తాలు అనుకుని పొట్టు అని రాసింది. అవతలి కొనుగోలుదారు అది చదివితే సరుకులో పొట్టు కలిసిందనుకుంటాడు! యార్డు మాటలు పదింటికి అర్థాలు ప్రాంప్టు పైన రాసి పెట్టుకోమన్నారు: తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ, టిక్కీ అంటే బస్తా, ఇలా. అను అనే పాత తెలుగు డీటీపీ ఫాంట్లలో ఉన్న పాత ఉత్తరాలు నేరుగా అతికిస్తే పిచ్చి అక్షరాలే వస్తాయి, యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే ఇవ్వాలి.

పన్ను రేట్లు అడిగినప్పుడు నెయ్యికి 12 శాతం అని వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతం. వెబ్‌లో వెతకమని చెప్పకపోతే టూల్ పాత రేటే చెప్పే ప్రమాదం ఉంది. ట్రైనర్ గారు అక్కడికక్కడే పట్టుకుని సరిచేశారు, అందుకు మెచ్చుకోవాలి.

ఉచిత ఖాతాలతో నేర్పడం వల్ల మధ్యాహ్నానికల్లా కొందరికి ఫైల్ అప్‌లోడ్ పరిమితి అయిపోయింది. ఈ ఫీజుకు కనీసం నాలుగు డబ్బు కట్టిన ఖాతాలు పెట్టొచ్చు. భోజనం పర్వాలేదు.

పంపేవాళ్లు ఇద్దరిని పంపండి, ఎంట్రీ కొట్టేవాళ్లను ఒకరిని, ఆ ఎంట్రీ మీద సంతకం పెట్టేవాళ్లను ఒకరిని. గత నెల రిజిస్టరును, పేర్లు, నంబర్లు మార్చి, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి పంపండి. వాళ్లు ఇచ్చే నమూనా షీటులో తప్పులు మరీ మర్యాదగా ఉన్నాయి.