ఇంటి అనుమతి, ఇంటికి ఇసుక: రెండు ప్రభుత్వ సేవల సమీక్ష

తెలంగాణలో ఇల్లు మొదలుపెట్టిన మనిషికి ప్రభుత్వంతో రెండు పెద్ద పనులు పడతాయి. ఒకటి పురపాలక సంఘం ఇచ్చే నిర్మాణ అనుమతి, రెండవది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ అమ్మే ఇసుక. ఈ రెండింటికీ కొంతకాలం ఒకే మంత్రి బాధ్యుడు. 2009లో సిరిసిల్ల నుంచి కేవలం 171 ఓట్ల ఆధిక్యంతో మొదటిసారి శాసనసభకు వచ్చిన కల్వకుంట్ల తారక రామారావుకు 2016లో పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ దక్కింది. అదే ఏడాది, అంతవరకు మరో మంత్రి హరీశ్‌రావు చూస్తున్న గనుల శాఖ కూడా ఆయనకు వచ్చింది. నేను 2022లో ఒక చిన్న పట్టణంలో 180 గజాల స్థలంలో ఇల్లు కట్టినప్పుడు ఈ రెండు సేవలనూ వాడుకున్నాను.

మొదట అనుమతి సంగతి. 2020 సెప్టెంబరులో శాసనసభ ఆమోదించిన చట్టం ప్రకారం టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ భవన అనుమతుల వ్యవస్థ అదే సంవత్సరం నవంబరు 16న మొదలైంది. 75 గజాల లోపు స్థలంలో జీ ప్లస్ వన్ (నేల అంతస్తు, దానిపై ఇంకొకటి) కట్టుకునేవారికి అనుమతితో పనే లేదు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే సరిపోతుంది. 600 గజాల వరకు స్థలం, 10 మీటర్ల వరకు ఎత్తు ఉంటే యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వెంటనే వస్తుంది. అంతకు మించిన కట్టడాలకు 21 రోజుల గడువు ఉంది. ఆ లోపల అధికారులు ఏమీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. పరిశ్రమల కోసం 2014లో తెచ్చిన అనుమతుల విధానం టీఎస్-ఐపాస్‌లోని స్వీయ ధ్రువీకరణ సూత్రాన్నే ఇక్కడ సామాన్యుడి ఇంటికి వర్తింపజేశారు. తారక రామారావు పాలనాకాలంలో నాకు అన్నిటికంటే విలువైన పనిగా తోచింది ఇదే, ఎందుకంటే ఒక గుమాస్తా బల్ల మీద మా నాన్న ఫైలు నెలల తరబడి కదలకుండా పడి ఉండడం నేను చిన్నతనంలో చూశాను. నా అనుమతి పత్రం మాత్రం రుసుము చెల్లించిన రోజు సాయంత్రానికే చేతికి వచ్చింది.

అయితే ఈ నమ్మకానికి షరతు గట్టిది. ఇచ్చిన వివరాలు తప్పని తేలితే 21 రోజుల లోపు అనుమతిని రద్దు చేయవచ్చు, ప్లానుకు విరుద్ధంగా కట్టినదాన్ని నోటీసు లేకుండానే కూల్చవచ్చు. సంతకం యజమానిది, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం) లెక్క మాత్రం ప్లాను గీసినవాడిది. మా ప్లాను గీసిన వ్యక్తి రోడ్డు వెడల్పును తప్పుగా వేశాడు. పునాది తవ్వకముందే మేస్త్రీ టేపు పట్టి చూడబట్టి బయటపడ్డాం. నిబంధనలు చదివి అర్థం చేసుకోలేని యజమానికి తోడ్పడేందుకు ప్రతి పురపాలక కార్యాలయంలోనూ ఒక మనిషిని కూర్చోబెట్టి ఉంటే ఈ సేవ ఇంకెంతో మేలు చేసేది.

ఇసుక విషయంలో నా అభిప్రాయం ఇంత మంచిది కాదు. ఆన్‌లైన్ అమ్మకం తారక రామారావు గనుల శాఖ చేపట్టకముందే మొదలైంది. రీచ్ (నదిలో ఇసుక తవ్వే చోటు) ఎంచుకుని, పరిమాణం చెప్పి, డబ్బు కట్టి, నమోదైన లారీతో ఇసుక తెచ్చుకోవాలన్నది పద్ధతి. ఖజానాకు దీనివల్ల ఏటా వందల కోట్లు వచ్చాయన్నది నిజం. కానీ సొంత లారీ లేని ఇంటి యజమాని చివరికి లారీవాడినే ఆశ్రయించాలి కాబట్టి, గోదావరి ఒడ్డున ఉన్న ధరకూ మన గుమ్మం ముందు దిగే ధరకూ మధ్య పెద్ద అంతరం ఏర్పడుతుంది. మాకు ఇసుక తెచ్చిన వ్యాపారి వే బిల్లు (లారీలోని ఇసుక పరిమాణం చూపే రవాణా పత్రం) అడిగితే మాట దాటవేశాడు. కొలిస్తే చెప్పినదానికంటే తక్కువే తేలింది.

ఆ లారీలు వచ్చే దారిలోని ఊళ్లు భరించినదాని ముందు నా నష్టం చాలా చిన్నది. 2017 జూలైలో, గనుల శాఖ ఆయన దగ్గర ఉన్నప్పుడే, ఆయన నియోజకవర్గం సిరిసిల్ల ఉన్న జిల్లాలోని నేరెళ్ల ప్రాంతంలో ఇసుక లారీ ఢీకొని ఒకరు చనిపోగా, కోపోద్రిక్తులైన జనం లారీలను తగలబెట్టారు. ఆ కేసులో పట్టుకున్న యువకులను పోలీసులు చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలు రాష్ట్రమంతటా వినిపించాయి. అనుమతుల విషయంలో పౌరుడి మాటను నమ్మినంత శ్రద్ధ ఇసుక మోసే రోడ్ల పక్క బతికేవారి మీద కూడా పెట్టవలసింది అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

2023 చివరలో ప్రభుత్వం మారింది. అనుమతుల పని 2025 నుంచి బిల్డ్‌నౌ అనే కొత్త వ్యవస్థలోకి మారుతోంది. ఇప్పుడు ఇల్లు మొదలుపెట్టేవారు సంతకం పెట్టకముందే రోడ్డు వెడల్పును తమ చేతులతో కొలుచుకోవాలి. ఇసుక దిగిన రోజు లారీ తొట్టి పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు కొలిచి, వే బిల్లుతో సరిచూసిన తరువాతే డబ్బు చెల్లించాలి.