జ్వరంతో వచ్చే ఫిట్స్: ముక్కు స్ప్రే మేలా, క్లోబజామ్ మాత్ర మేలా?

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. ఒకసారి వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి మళ్లీ వస్తాయి. అందుకే డాక్టరు చీటీలో తరచూ రెండు పేర్లు కనిపిస్తాయి: క్లోబజామ్ మాత్ర, మిడజోలామ్ ముక్కు స్ప్రే. మాత్ర ఫిట్స్ రాకుండా చూడటానికి, స్ప్రే వచ్చి ఆగని ఫిట్స్‌ని ఆపడానికి.

క్లోబజామ్‌ని జ్వరం తెలియగానే మొదలుపెట్టి రెండు మూడు రోజులు ఇస్తారు. మోతాదు సాధారణంగా రోజుకు కిలో బరువుకు 0.5 నుంచి 1 మి.గ్రా., రెండు పూటలుగా. పనిచేయదని కాదు. అయితే చాలామంది పిల్లల్లో ఒళ్లు వెచ్చబడిందని ఇంట్లో గమనించేలోపే ఫిట్స్ వచ్చేస్తాయి. ఇది మాటిమాటికీ జలుబు, జ్వరం పట్టుకునే వయసు. వచ్చిన ప్రతిసారీ మూడు రోజులు మందంటే పిల్ల మగతగా పడుంటుంది, నడిస్తే తూలుతుంది, ఊరికే చిరాకుపడుతుంది. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ మగత మాత్ర వల్లనో మెదడు పొరల వాపు వల్లనో చెప్పడం డాక్టరుకే కష్టమవుతుంది.

స్ప్రేకి ఈ ఇబ్బంది లేదు. ఎక్కువ ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి కాబట్టి సీసా వాడే అవసరమే రాకపోవచ్చు. ఫిట్స్ మొదలవగానే గడియారం చూసుకోండి. పిల్లని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, నీళ్లు, మాత్ర ఏదీ పెట్టకూడదు. ఐదు నిమిషాలు దాటితే స్ప్రే: కిలోకు 0.2 మి.గ్రా. పఫ్‌కి 0.5 మి.గ్రా. వచ్చే సీసా అయితే 10 కిలోల పిల్లకు నాలుగు పఫ్‌లు, ఒక్కో ముక్కు రంధ్రంలో రెండు. కొన్ని సీసాల్లో పఫ్‌కి మందు ఇంతకంటే ఎక్కువ ఉంటుంది, లేబుల్ చదవకుండా లెక్క కట్టొద్దు.

స్ప్రే పనిచేయలేదని చెప్పేవాళ్ల దగ్గర తరచూ కనిపించే కారణాలు మూడు. కొత్త సీసాని ముందు గాల్లోకి నాలుగైదుసార్లు కొట్టకపోతే మొదటి పఫ్‌లలో మందు సరిగా రాదు. ముక్కు చీమిడితో నిండి ఉంటే మందు బయటికి కారిపోతుంది, తుడిచి కొట్టాలి. మూడోది, ఏడాది కిందటి బరువుకి రాసిన పఫ్‌లే ఇప్పటికీ కొట్టడం.

మందు ఇచ్చాక ఊపిరి నెమ్మదిస్తుందేమో పక్కనే ఉండి చూడాలి. మరో ఐదు నిమిషాల్లో ఫిట్స్ ఆగకపోయినా, ఊపిరి తగ్గినా 108కి ఫోన్ చేయాలి.

మామూలు జ్వరపు ఫిట్స్‌కి మా మొగ్గు స్ప్రే వైపే. మాటిమాటికీ వచ్చేవాళ్లకు, పదిహేను నిమిషాలు దాటి కొట్టుకున్నవాళ్లకు, ఆసుపత్రికి గంటల దూరంలో ఉన్న ఊళ్లవాళ్లకు డాక్టరు క్లోబజామ్ కూడా రాస్తే అర్థముంది. అప్పుడూ స్ప్రే ఇంట్లో ఉండాల్సిందే. పారాసెటమాల్ ఒంటినొప్పి, వేడి తగ్గిస్తుందే గానీ ఫిట్స్‌ని ఆపదు. రోజూ వాల్‌ప్రోయేట్, ఫినోబార్బిటోన్ అనే ఫిట్స్ మందులు ఇవ్వడం ఈ మామూలు ఫిట్స్‌కి తగదు: మొదటిది లివర్‌ని దెబ్బతీయగలదు, రెండోది చదువునీ ప్రవర్తననీ.

వయసు ఆరు నెలల లోపయినా, ఒక పక్కే కొట్టుకున్నా, 24 గంటల్లో రెండోసారి వచ్చినా, మెడ బిగుసుకున్నా, గంట గడిచినా తెలివి రాకపోయినా ఏ మందు మేలన్న ప్రశ్నే లేదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.