నడుము నొప్పి చికిత్సలు: ఏళ్ల తరబడి వాడాక ఏది నిలిచింది, ఏది నిలవలేదు

నడుము నొప్పి 12 వారాలు దాటితే దీర్ఘకాలిక నొప్పి అంటారు. నాది ఆ గీత దాటి ఏళ్లయింది. కాలిలోకి లాగదు, తిమ్మిర్లు లేవు. కాసేపు కూర్చుని లేస్తే పట్టేస్తుంది, పొద్దున్నే వంగాలంటే భయం. నాలాంటి నొప్పి ఉన్నవాళ్లకే ఈ సమీక్ష. కాళ్లలో బలం తగ్గుతున్నా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ముందు ఆస్పత్రికి వెళ్లండి.

చికిత్స కంటే ముందు ఎమ్మారై సంగతి. రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటి డిస్క్ కాస్త బయటికి ఉబ్బడం) అని చూడగానే నాకు పట్టుకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు. నొప్పే లేనివాళ్ల స్కాన్లను పరిశీలించి 2015లో వేసిన లెక్క ప్రకారం, 20 ఏళ్ల వయసులో 30 శాతం మందికి, 80 ఏళ్లకు 84 శాతం మందికి ఈ బల్జ్ ఉంటుంది. ఈ మాట రిపోర్టు చేతికిచ్చేటప్పుడే చెబితే ఎంత బాగుండేది!

మాత్రల్లో పారాసిటమాల్ నాకు దండగే. ఐబుప్రొఫెన్ రకం మాత్రలు పనిచేశాయి, కానీ ప్రభావం ఉన్నంతసేపే. పైగా కడుపులో మంట. కిడ్నీ, అల్సర్, గుండె సమస్యలున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వీటి జోలికి పోకూడదు. ట్రమడాల్ అనే ఇంకా బలమైన నొప్పి మాత్ర వేసుకుంటే నొప్పికంటే మత్తు, వికారం ఎక్కువ బాధపెట్టాయి.

ట్రాక్షన్, అంటే నడుముని లాగిపట్టే చికిత్స, ఆ బల్ల మీద ఉన్నంతసేపు హాయి. ఇంటికి వచ్చేసరికి మళ్లీ మామూలే. ధ్వని తరంగాలతో చేసే అల్ట్రాసౌండ్ చికిత్స, నడుముకి అంటించే కరెంటు ప్యాడ్లు కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మూడింటినీ, నడుము బెల్టునూ, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు తరహా) మందులనూ మామూలుగా వాడొద్దంది. బెల్టు దగ్గర మాత్రం నాకో చిన్న పేచీ ఉంది. రోజూ కట్టుకుంటే ప్రయోజనం కనపడలేదు, నిజమే. కానీ సామాను మోయాల్సిన రోజున అది ఉంటే ధైర్యంగా ఉంటుంది. ఆ ఒక్క రోజుకి వాడతాను, సాయంత్రం తీసేస్తాను. మసాజ్ ఆ సంస్థ ఒప్పుకున్న జాబితాలోనే ఉంది. నాకు ఒకట్రెండు రోజులు కండరాలు వదులైనట్టు ఉంటుంది, అంతకుమించి ఆశించను.

ఇక నిలిచింది వ్యాయామం. మొదట్లో దీని మీద నమ్మకం పెట్టుకోవడమే కష్టం, ఎందుకంటే మొదటి కొన్ని వారాలు నొప్పి పెరుగుతుంది. చాలామంది అక్కడే మానేస్తారు. నన్ను నిలబెట్టింది ఫిజియో చెప్పిన కొలత: చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి వచ్చినా, మర్నాడు పొద్దుటికి మామూలు స్థాయికి వస్తే కొనసాగించు. రాకపోతే సగానికి తగ్గించు, ఆపొద్దు. చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యి, కాలు చాచడం; వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం; పక్కకి తిరిగి మోచేతి మీద శరీరాన్ని ఆపడం. చేసేవి ఇవే. మిషన్లేమీ అక్కర్లేదు. విసుగు మాత్రం బోలెడు. యోగా చేసిన రోజుల్లోనూ ఫలితం దాదాపు ఇంతే. క్లాసుకి నలుగురూ వస్తారు కాబట్టి ఎగ్గొట్టడం తగ్గుతుంది, తేడా అదొక్కటే.

నడక గురించి 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ఆశ పెంచేలా ఉంది. నొప్పి తగ్గిన 701 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి క్రమంగా పెంచుకునే నడక ప్రణాళిక, ఫిజియో సలహా ఇచ్చారు. వాళ్లలో మళ్లీ నొప్పి రావడానికి పట్టిన మధ్యస్థ కాలం (సగం మందికి నొప్పి తిరిగి వచ్చేసరికి పట్టిన సమయం) 208 రోజులు, ఏ చికిత్సా ఇవ్వని జట్టుకి 112. వాళ్లు నాలాగా నిరంతర నొప్పి ఉన్నవాళ్లు కారు, కాబట్టి ఆ అంకెలు నాకు అచ్చంగా వర్తించవు. అయినా నడక ఆగిపోయిన నెలల్లో నా నడుము నాకు లెక్క అప్పజెబుతూనే ఉంటుంది.

కౌన్సెలింగ్‌కి వెళ్లమన్నప్పుడు ‘నొప్పంతా నీ మనసులోనే’ అంటున్నారని కోపం వచ్చింది. లోపల జరిగింది వేరు. బాగున్న రోజున పనులన్నీ ఒకేసారి చేసి, తర్వాత మంచం పట్టడం నా అలవాటు. నొప్పి పెరిగాక కాదు, పెరగకముందే పని ఆపి లేవడం అక్కడ నేర్పారు. నిద్ర మెరుగైంది, వంగడానికి భయం తగ్గింది. ఖర్చుకి తగ్గ ఫలితం అనుకున్న వాటిలో వ్యాయామం తర్వాతి స్థానం దీనికే.

నొప్పి సున్నాకి రాలేదు. పట్టేసిన రోజున వేడి కాపడం, అవసరమైతే ఒకట్రెండు రోజులు మాత్ర, ఇంట్లోనే నాలుగడుగుల నడక. ఇంజెక్షన్లు, సర్జరీ గురించి రాయలేను. కాలిలోకి దిగే నొప్పి లేదు కాబట్టి వాటి అవసరం లేదన్నారు డాక్టర్.